వెయ్యి అడుగుల గీత దాటాక ఏముంది? డ్రాగ్ రేసింగ్‌లో బండి ఆగే చోటు మీద చర్చ

#1 కొత్తపిస్టన్

అందరికీ నమస్కారం. ఈ వేదికలో ఇదే నా మొదటి పోస్టు. అమెరికాలో ఎన్‌హెచ్‌ఆర్‌ఏ అనే సంస్థ నడిపే డ్రాగ్ రేసులు (తిన్నటి దారిలో రెండు బళ్ల పోటీ) ఈమధ్యే చూడటం మొదలుపెట్టా. చిన్నప్పట్నుంచీ డ్రాగ్ అంటే క్వార్టర్ మైల్, అంటే 1,320 అడుగులు అనే విన్నా. కానీ టాప్ ఫ్యూయల్, ఫన్నీ కార్ అనే బాగా వేగమైన తరగతుల బళ్లకు మాత్రం 1,000 అడుగుల దగ్గరే ముగింపు గీత ఉంది. ఎరిక్ మెడ్లెన్ అనే డ్రైవర్ చనిపోయాక తగ్గించారని ఒక వీడియో కింద ఎవరో రాశారు. నిజమేనా?

ఊరికే తెలుసుకుందామని అడగట్లేదు. వచ్చే నెల ఒక ఎయిర్‌స్ట్రిప్ మీద జరిగే డ్రాగ్ ఈవెంట్‌కి నా కారు తీసుకెళ్తున్నా. లాంచ్ గురించి, టైర్ల గురించి అందరూ చెప్తున్నారు. గీత దాటాక సంగతి ఒక్కరూ మాట్లాడట్లేదు.

#2 ఆటోనగర్ స్పానర్

తమ్ముడూ, స్వాగతం. ఆ కామెంట్ తప్పు. రెండు వేర్వేరు విషాదాలను కలిపేశారు. ఎరిక్ మెడ్లెన్ 2007 మార్చిలో గేన్స్‌విల్‌లో టెస్టింగ్ చేస్తుండగా దెబ్బలు తగిలి చనిపోయాడు. వెనక టైరు విపరీతంగా వణికి, ఆ వణుకుకి తల అటూ ఇటూ కొట్టుకుంది. ఆ తర్వాత మారింది డ్రైవర్ తల చుట్టూ ఉండే కేజ్, దాని మెత్తలు. దూరం మారలేదు.

దూరం తగ్గింది స్కాట్ కలిట్టా పోయాక. 2008 జూన్ 21, న్యూజెర్సీలోని ఇంగ్లిష్‌టౌన్. ఎడిసన్‌లో ఉండే మన గోదారోడికి ఆ ట్రాక్ బాగా తెలుసు, ఆయన వస్తే వివరంగా చెప్తారు.

#3 ఎడిసన్ గోదారోడు

వచ్చా అన్నా. ఈ విషయం రాయాలంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

మా ఇంటి నుంచి ఆ ట్రాక్ కారులో అరగంట, ముప్పావుగంట దూరం. మొదటిసారి 2007లో ఆఫీసు మిత్రుడు తీసుకెళ్లాడు. అక్కడ టికెట్ కొన్న ప్రతివాడూ పిట్స్‌లోకి వెళ్లి టీముల పక్కనే నిలబడి చూడొచ్చు. ఇంజన్ స్టార్ట్ చేస్తే వాటి ఇంధనం నైట్రోమీథేన్ ఘాటుకి కళ్లల్లోంచి, ముక్కులోంచి నీళ్లు కారిపోయాయి. మా గోదావరి వైపు ఎండుమిరపకాయల మిల్లులో నిలబడ్డట్టే.

ఆ రోజు నన్ను కట్టిపడేసింది ఇంజన్ కాదు. ఒక టీములో పాతికేళ్లు కూడా నిండని కుర్రాడు గీత దాటాక బండిని ఆపే పారాచూట్ మడుస్తున్నాడు. నేల మీద పరిచి, తాళ్లు ఒక్కొక్కటీ వేళ్ల మధ్యనుంచి లాగుతూ మెలిక పడిందేమో చూశాడు. గుడ్డని పొడుగ్గా మడిచి సంచిలో కుక్కాడు. చివర్న, పెద్దదాన్ని బయటికి లాగే స్ప్రింగ్ ఉన్న చిన్న పైలట్ చూట్‌ని మోకాలితో అదిమిపెట్టి పిన్ను గుచ్చాడు. మళ్లీ ఎందుకో అనుమానం వచ్చి, పిన్ను తీసేసి మొత్తం విప్పి మొదట్నుంచీ మడిచాడు. ఎవరూ చెప్పలేదు, తనంతట తనే. డ్రైవర్ ప్రాణం ఆ మోకాలి కింద ఉందని నాకు అప్పుడు అర్థమైంది.

మరుసటి ఏడాదే స్కాట్ ప్రమాదం. ఆ రోజు నేను ట్రాక్ దగ్గర లేను, ఊళ్లోనే ఉన్నా. స్కాట్ మామూలు డ్రైవర్ కాదు. 1994, 1995ల్లో వరసగా టాప్ ఫ్యూయల్ ఛాంపియన్. తండ్రి కోనీ కలిట్టా కూడా పేరున్న రేసరే. చనిపోయేనాటికి స్కాట్ వయసు 46. క్వాలిఫైయింగ్ చివరి రౌండులో గీత దగ్గరికొచ్చేసరికి ఇంజన్ పేలింది. వేగం గంటకు 300 మైళ్ల దరిదాపుల్లో ఉంది. మంటలు లేచాయి. పారాచూట్లు దెబ్బతిని పనికి రాలేదు. బండి వేగం తగ్గకుండానే ఆగే రోడ్డు మొత్తం దాటేసింది. చివర ఉన్న ఇసుక గుంట కూడా ఆపలేకపోయింది. అవతల టీవీ కెమెరా కోసం నిలబెట్టిన క్రేన్ ఉంది. దాన్ని గుద్దుకుంది.

పదకొండు రోజులకే, జూలై 2న, ఎన్‌హెచ్‌ఆర్‌ఏ దూరాన్ని 1,000 అడుగులకు తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. డెన్వర్ దగ్గరి బాండిమేర్‌లో జరిగిన రేసుతో అది అమల్లోకొచ్చింది. తాత్కాలికం అన్నారు, ఇప్పటికీ అదే నడుస్తోంది.

ఇంగ్లిష్‌టౌన్‌లో 2018 నుంచి డ్రాగ్ రేసులే ఆపేశారు. ఆ దారిన వెళ్లినప్పుడల్లా ఆ పారాచూట్ కుర్రాడు గుర్తొస్తాడు.

#4 క్వార్టర్‌మైల్

స్కాట్ అంటే నాకూ గౌరవమే. కానీ ఒక మాట ఒప్పుకోలేను. 1,320 అడుగులు ఈ ఆటకి ప్రాణం. క్రికెట్ పిచ్ పొడవు తగ్గిస్తే ఊరుకుంటామా?

ఆ రోజు జరిగినవి చూడండి. ఇంజన్ పేలింది, పారాచూట్లు పాడయ్యాయి, దారి చివర క్రేన్ ఉంది. ఈ మూడింటిలో దూరం తప్పు ఎక్కడుంది? గీతను స్టార్ట్ వైపు జరిపితే పేలుడు కూడా అటే జరుగుతుంది, అంతే. పారాచూట్ తాళ్లకు మంట తగలకుండా చెయ్యండి, క్రేన్ తీసెయ్యండి, ఇసుక గుంట పెంచండి. రోగం ఒకచోట ఉంటే మందు ఇంకోచోట వేశారని నా బాధ.

#5 లెక్కల మాస్టారు

క్వార్టర్‌మైల్ గారి ప్రశ్న బాగుంది. కోపం లేకుండా లెక్క వేసి చూద్దాం. నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను. గమన సమీకరణాల దగ్గర ఈ ఉదాహరణే తీసుకుంటాను.

గంటకు 330 మైళ్లంటే సెకనుకు సుమారు 147 మీటర్లు. టాప్ ఫ్యూయల్ డ్రాగ్‌స్టర్‌కి బ్రేకులు వెనక చక్రాలకే, ముందు వాటికి ఉండవు. పారాచూట్ అసలు తెరుచుకోలేదు, బ్రేకులు మాత్రం పట్టాయి అనుకోండి. వెనక చక్రాలతోనే సగం 'జి' (ఒక 'జి' అంటే భూమి గురుత్వ త్వరణం) మందగమనం వచ్చిందనుకుంటే, బండి ఆగడానికి రెండు కిలోమీటర్ల పైనే కావాలి, సుమారు 2,200 మీటర్లు. అంత పొడవున్న ఆగే రోడ్డు ఏ ట్రాక్‌కీ ఉండదు. అంటే పారాచూట్ అదనపు సౌకర్యం కాదు. అసలు బ్రేకు అదే.

గాలి లాగే బలం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. వేగం సగానికి పడితే బలం నాలుగో వంతే మిగులుతుంది. కాబట్టి పారాచూట్ చేసే పనిలో ఎక్కువ భాగం మొదటి రెండు మూడు సెకన్లలోనే అయిపోతుంది. డ్రైవర్‌కి ఐదు 'జి'ల కుదుపు తగిలేదీ అప్పుడే. ఒక్క సెకను ఆలస్యమైతే 147 మీటర్ల రోడ్డు ఊరికే పోయినట్టు.

గీత జరపడం వల్ల మిగిలిందెంత? 320 అడుగులు, అంటే 97 మీటర్ల పైచిలుకు. ఆ వేగంలో సెకనులో మూడింట రెండు వంతులు. చూడటానికి తక్కువే. కానీ డ్రైవర్ ఒక లీవర్ మీదనుంచి రెండో లీవర్ మీదికి చెయ్యి మార్చుకునే సమయం అది. గీతతోపాటు పేలుడు కూడా జరుగుతుందన్న మీ మాట నిజమే. ట్రాక్ చివరి గోడ మాత్రం జరగదు కదండీ. ఆ రెండింటి మధ్య దూరం పెరిగింది.

#6 క్వార్టర్‌మైల్

మాస్టారూ, గోడ జరగదన్న మాటకి నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకుంటున్నా.

అయితే మీ లెక్కనే ఇంకాస్త ముందుకు తీసుకెళ్లండి. 2005లో బ్రెయినర్డ్‌లో టోనీ షూమాకర్ పూర్తి క్వార్టర్ మైల్ పరిగెత్తి గంటకు 337.58 మైళ్లు చూపించాడు. అప్పట్లో దాన్ని దాటడం అసాధ్యమనుకున్నాం. 2024 చివర్లో పొమోనాలో ఆస్టిన్ ప్రాక్ ఫన్నీ కారు 341.68 కొట్టింది. 2025లో బ్రిటనీ ఫోర్స్ టాప్ ఫ్యూయల్‌లోనూ 340 దాటింది. ఈ రెండూ 1,000 అడుగుల్లోనే.

భద్రత కోసం 320 అడుగులు వదులుకున్నాం. ఆ వేగం తిరిగొచ్చేసింది, దాన్నీ మించింది. మరి మనం వదులుకున్నది ఎవరికి దక్కింది?

#7 ఎడిసన్ గోదారోడు

ఈ ప్రశ్న నన్నూ చాలా రోజులుగా తొలుస్తోంది. 2008లో సంపాదించుకున్న జాగా పూర్తిగా పోలేదు, 97 మీటర్లు అలాగే ఉన్నాయి. కానీ వేగం 330 నుంచి 340కి పెరిగితే బండిలోని శక్తి ఆరు శాతం పెరుగుతుంది. ఆ ఆరు శాతాన్ని కూడా అదే రోడ్డు, అదే ఇసుక, చివర బండిని పట్టే అదే వల మింగాలి.

వేగం తగ్గించడానికి వాళ్లు వేరే ప్రయత్నం కూడా చేశారు. 2004లో సెయింట్ లూయిస్ దగ్గరి గేట్‌వే ట్రాక్‌లో డారెల్ రసెల్ చనిపోయాక ఇంధనంలో నైట్రో 85 శాతానికి తగ్గించారు. 2008లో మళ్లీ 90కి పెంచారు. ట్యూనర్లు తెలివైనవాళ్లు. ఏది తగ్గించినా రెండేళ్లలో ఇంకో దారి వెతుక్కుంటారు. అందుకే నా నమ్మకం ఒక్కటే: బండిని ఎంత అదుపు చేసినా, దాన్ని ఆపే చోటుని ఏటేటా మళ్లీ కొలవాలి. ఈ ఏటి వేగానికి ఈ ఏటి రోడ్డు సరిపోతుందా అని.

#8 ఆటోనగర్ స్పానర్

కొత్తపిస్టన్ తమ్ముడి కోసం బండి వైపు సంగతి చెప్తా. నేను విజయవాడ ఆటోనగర్‌లో 26 ఏళ్లుగా డీజిల్ పంపులు, టర్బోలు చూస్తున్నా. టాప్ ఫ్యూయల్ బండి ఎప్పుడూ ముట్టుకోలేదు గానీ దాని పద్ధతి చదివి అర్థం చేసుకున్నా.

ఆ ఇంజన్ బలం 11,000 హార్స్‌పవర్ దాకా ఉంటుందంటారు. దాని మ్యానిఫోల్డ్‌కి (ఇంజన్‌లోకి గాలి వెళ్లే దారి) కావాలనే ఒక పల్చటి పలక పెడతారు, బర్స్ట్ ప్యానెల్ అంటారు. లోపల బ్యాక్‌ఫైర్ అయితే ముందు ఆ పలక చిరిగి ఒత్తిడిని బయటికి వదిలేస్తుంది. మన ప్రెషర్ కుక్కర్ సేఫ్టీ ప్లగ్ చేసేది అదే కదా. తర్వాత వచ్చిన మార్పు ఏంటంటే, ఆ పలక చిరిగిన మరుక్షణం ఒక కంట్రోలర్ బాక్సు దానంతటదే ఇంధనం ఆపేసి పారాచూట్లు వదిలేస్తుంది. డ్రైవర్ చెయ్యి కదిలేదాకా ఆగదు.

దాంతో సరిపెట్టలేదు. గీత దాటాక ట్రాక్ పక్కన ట్రాన్స్‌మిటర్లు పెట్టారు. బండి వాటి ముందు నుంచి వెళ్లేసరికి డ్రైవర్ ఇంకా ఇంధనం ఆపకపోయినా, పారాచూట్ లాగకపోయినా, ఆ సిగ్నల్‌తో బాక్సే ఆ రెండు పనులూ చేసేస్తుంది. డ్రైవర్ స్పృహ తప్పి ఉండొచ్చు. కళ్ల ముందు మంటలు, నూనె, ఏమీ కనపడకపోవచ్చు. స్పృహలో ఉన్నా ఏ చెయ్యి ఎక్కడుందో తెలియని క్షణం అది.

2024 జూన్‌లో వర్జీనియాలో జాన్ ఫోర్స్ బండి గీత దగ్గరే పేలింది. అప్పటికి ఆయన వయసు 75. ఆ రౌండు గెలిచాడు కూడా. బండి అదుపు తప్పి కాంక్రీటు గోడలకు గుద్దుకుంది, తలకి పెద్ద దెబ్బ తగిలి వారాల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. అలాంటప్పుడు లీవర్ ఎవరు లాగుతారు?

#9 క్యాజువాల్టీ డ్యూటీ

ఎప్పుడూ చదివి వెళ్లిపోయేదాన్ని, ఈ చర్చకి మాత్రం రాయకుండా ఉండలేకపోయాను. నేను ఎమర్జెన్సీ విభాగంలో డాక్టర్‌ని. మా అన్నయ్య బైక్ రేసులకి వెళ్లేవాడు, అలా ఈ ఆటలన్నీ అలవాటయ్యాయి.

అందరూ "ఆగడం" గురించి మాట్లాడుతున్నారు. ఎంత దూరంలో ఆగింది అనేది శరీరానికి చాలా ముఖ్యం. కారు ఆగిపోతుంది, మనిషి బెల్టుతో ఆగిపోతాడు, పుర్రె హెల్మెట్‌లో ఆగిపోతుంది. లోపల మెదడు మాత్రం ఇంకా ముందుకే పోతూ ఉంటుంది. మెడని పట్టి ఉంచే హాన్స్ పరికరం వచ్చాక పుర్రె అడుగుభాగం విరిగే గాయాలు బాగా తగ్గాయి. కానీ ఏ పరికరానికైనా ఒక హద్దు ఉంటుంది.

రోజూ మామూలుగా ఆగడం కూడా ఊరికే పోదు. జో అమాటో ఐదుసార్లు టాప్ ఫ్యూయల్ ఛాంపియన్. పారాచూట్ తెరుచుకున్న ప్రతిసారీ తగిలే కుదుపు ఆయన కళ్లకి ప్రమాదమైంది, రెటీనా సమస్యతో 2000 సీజన్ తర్వాత డ్రైవింగ్ మానేశారు. ఒక్క ప్రమాదం లేకుండా, అంతా సవ్యంగా జరిగినా కంటికి అంత శ్రమ.

2010 జూలైలో సియాటిల్ దగ్గరి పసిఫిక్ రేస్‌వేస్‌లో మార్క్ నైవర్ అనే, టాప్ ఆల్కహాల్ అనే మరో తరగతి డ్రైవర్ విషయం కూడా గుర్తుచేయాలి. 60 ఏళ్లాయన. పారాచూట్లు ఆయన బండిని ఆపలేకపోయాయి. ట్రాక్ చివర వల ఉంది, బండి దాన్ని తగిలింది. ఆయన బతకలేదు. వల ఉంది కదా అని గుండె మీద చెయ్యి వేసుకుని కూర్చునే విషయం కాదిది.

#10 లెక్కల మాస్టారు

డాక్టరమ్మ చెప్పిన వల గురించి ఒక్క లెక్క, దయచేసి ఓపిగ్గా చదవండి. గంటకు 200 మైళ్ల వేగంతో వచ్చిన బండిని 10 మీటర్లలో ఆపితే సగటున 40 'జి'లు. అదే బండిని 50 మీటర్లలో ఆపితే ఎనిమిది 'జి'లు. బండి అదే, వేగం అదే. చేపల వల వేసేవాళ్లకి తెలుసు, పెద్ద చేప పడితే తాడు బిగబట్టకుండా వదులుతూ లాగాలి. వల గట్టిగా ఉండటం గొప్ప కాదు, సాగుతూ శక్తిని తినేయాలి. ఇసుక విషయం కూడా అంతే. నెమ్మదిగా వచ్చిన బండి దిగబడుతుంది. మరీ వేగంగా వస్తే పైపైనే దూసుకుపోతుంది. అందుకే ఇసుక లోతు, వాలు, దానికి ముందున్న రోడ్డు అన్నీ కలిపి చూడాలి.

#11 వేదిక నిర్వాహకులు

చర్చ చాలా బాగా సాగుతోంది. ఒక్క విన్నపం. ప్రమాదాల వీడియోల లింకులు ఇద్దరు ముగ్గురు పెట్టారు, తీసేశాం. ఆ కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని మాటల్లోనే చెప్పుకుందాం.

#12 కొత్తపిస్టన్

అందరికీ చేతులెత్తి దండం. ఇంత వివరంగా చెప్తారనుకోలేదు.

ఇప్పుడు నా సంగతి. నాది ట్యూన్ చేసిన సెడాన్. క్వార్టర్ మైల్ చివర గంటకు 190, 200 కిలోమీటర్ల దాకా వెళ్తుందని అంచనా. పారాచూట్లు, వలలు మా ఈవెంట్లో ఉండవు. ఎయిర్‌స్ట్రిప్ పొడవుగానే ఉంటుందన్నారు. నేనేం చూసుకోవాలి?

#13 క్వార్టర్‌మైల్

బ్రదర్, నేను మద్రాస్ ట్రాక్‌లో, అదే ఇరుంగాట్టుకోట్టైలో, కొన్ని డ్రాగ్ ఈవెంట్లలో పరిగెత్తా. ఎయిర్‌స్ట్రిప్‌లలో కూడా పాల్గొన్నా. స్ట్రిప్ పొడవు ఎంత అని అడిగితే సరిపోదు. గీత ఎక్కడ గీస్తున్నారు, దాని తర్వాత ఎంత మిగిలింది అని అడుగు. మిగిలిన చోట ఏం నిలబెట్టారో అడుగు. నీ కంటే ముందు రన్ చేసినవాళ్లు తిరిగి ఎటునుంచి వస్తారో కూడా. ఒకసారి నేను గీత దాటి బ్రేకు నొక్కుతుంటే ఎదురుగా ఒక బండి తీరిగ్గా వెనక్కి వస్తోంది. ఆ రోజు ఏమీ కాలేదు, కానీ ఆ రాత్రి నిద్రపట్టలేదు. అందుకే ఇంతగా చెప్తున్నా.

#14 ఆటోనగర్ స్పానర్

బ్రేక్ ఫ్లూయిడ్ మార్చు. పాతది నీరు పట్టేసి ఉంటుంది, వేడెక్కితే మరిగి పెడల్ నేలకి దిగిపోతుంది. ప్యాడ్లు సగం అరిగితే కొత్తవి వెయ్యి. రన్‌కీ రన్‌కీ మధ్య చల్లారనివ్వు. ఇంజన్ మీద రెండు లక్షలు పెట్టి బ్రేకుల మీద రెండువేలు పెట్టడానికి వెనకాడేవాళ్లని రోజూ చూస్తుంటా.

#15 లెక్కల మాస్టారు

గంటకు 200 కిలోమీటర్లంటే సెకనుకు 55 మీటర్ల పైన. మంచి బ్రేకులు 0.8 'జి' ఇస్తే 200 మీటర్లలో ఆగుతావు బాబూ. వేడెక్కి 0.3కి పడిపోతే 520 మీటర్లు దాటిపోతుంది. రెండో అంకెకి సరిపడా చోటు ఉందో లేదో చూసుకో. మొదటిది నమ్ముకోవద్దు.

#16 కొత్తపిస్టన్

ఈవెంట్ అయిపోయింది, నిన్న రాత్రే ఇంటికొచ్చా. ముందు ఇది రాసి పడుకుందామని కూర్చున్నా.

పొద్దున్న ఐదున్నరకే చేరుకున్నా. స్ట్రిప్ మీద ఇంకా మంచు ఉంది. మీరందరూ చెప్పినట్టు గీత దగ్గర నిలబడి నడవడం మొదలుపెట్టా, ఒక్కో అంగా లెక్కపెడుతూ. 540 అంగలు వేసేసరికి స్ట్రిప్ అంచున నీళ్ల ట్యాంకర్ ఆగి ఉంది, ముందు చక్రాలు సరిగ్గా తారు మీదే. అంటే సుమారు 400 మీటర్లు. దాని నీడలో ఇద్దరు పనివాళ్లు టీ తాగుతున్నారు. ట్యాంకర్ తర్వాత ఇంకా ఒక 700 మీటర్లు ఖాళీ రోడ్డు ఉంది.

వెళ్లి మార్షల్స్‌లో పెద్దాయనకి చెప్పా. మొదట "అది పక్కకే ఉంది కదా" అన్నారు. మాస్టారి లెక్క ఫోన్లో చూపించా, 0.3 దగ్గర 520 మీటర్లు అని. ఇంగ్లిష్‌టౌన్ సంగతి కూడా చెప్పా. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నాతోపాటు అక్కడిదాకా నడిచొచ్చారు. డ్రైవర్‌ని పిలిపించి ట్యాంకర్‌ని కంచె అవతలికి పంపించారు. టీ తాగుతున్న ఇద్దరినీ కూడా.

నా బెస్ట్ రన్ 13.9 సెకన్లు. గీత దాటాక 260 మీటర్ల దగ్గర ఆగా.